చిత్రం వెల, చిత్రకారుడి వాటా

2002 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలో క్రిస్టీస్ సంస్థ జరిపిన వేలంపాటలో ఒక భారతీయ వర్ణచిత్రం 3,17,500 డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకపు విలువ ప్రకారం అది సుమారు కోటిన్నర రూపాయలు. మూడు కాన్వాసులను పక్కపక్కన చేర్చి కూర్చిన ఆ చిత్రం పేరు 'సెలబ్రేషన్'. ఉత్సవమని మనం చెప్పుకోవచ్చు. అంతకుముందు వేలంలో ఏ సమకాలీన భారతీయ చిత్రమూ అంత ధర పలకలేదు. పత్రికలు ఆ వార్తను ప్రముఖంగా ప్రకటించాయి. మన చిత్రకళకు మంచి రోజులు వచ్చాయని పలువురు సంతోషించారు.

ఆ చిత్రాన్ని 1995లో రచించిన తయ్యబ్ మెహతాకు అప్పటికి డెబ్బై ఏడేళ్లు. ముంబయి శివారులో ఒక సామాన్యమైన ఫ్లాటులో, నివాసమూ చిత్రశాలా ఒకటిగానే ఆయన జీవితం గడిచిపోతున్నది. ఆ కోటిన్నరలో ఆయన వాటా ఎంత? ఏమీ లేదు. వేలంలో చిత్రాన్ని అమ్మినది చిత్రకారుడు కాదు, అంతకుముందు దాన్ని సొంతం చేసుకున్నవారు. చిత్రకారుడికి రావలసినది మొదటి అమ్మకంలోనే వచ్చేసింది. ఆ తరువాత ఆ చిత్రం ఎన్ని చేతులు మారినా, ఎన్ని రెట్లు పెరిగినా, ఆ లెక్కలో ఆయన పేరు ఉంటుందే తప్ప ఆయనకు పాలు ఉండదు.

ఇది న్యాయమా, అన్యాయమా అని తేల్చేముందు ఆ చిత్రం వెనుక ఎంత జీవితం ఉన్నదో తెలుసుకోవడం అవసరం.

తయ్యబ్ మెహతా 1925 జూలై 26న గుజరాత్‌లోని కపద్వంజ్‌లో ఒక దావూదీ బోహ్రా కుటుంబంలో జన్మించాడు. పెరిగింది బొంబాయిలో, క్రాఫర్డ్ మార్కెట్టు ప్రాంతంలో. ఇంట్లో సినిమా వ్యాపారంతో సంబంధం ఉండేది. అందువల్ల యౌవనంలో ఆయన మొదట పట్టుకున్నది కుంచె కాదు, కత్తెర. ఫేమస్ స్టూడియోలో ఫిల్ము ఎడిటింగు పనిలో చేరాడు. ఏ దృశ్యం ఎక్కడ తెగాలి, తెగిన రెండు ముక్కలు ఎక్కడ అతకాలి అన్నదే ఆ విద్యలోని మర్మం. ఆయన బొమ్మలను చూసినవారికి ఈ మొదటి వృత్తి ఆయన చేతిని ఎన్నడూ పూర్తిగా వదలలేదనిపిస్తుంది.

1947 ఆ యువకుడి జీవితాన్ని రెండుగా చీల్చిన సంవత్సరం. దేశవిభజన నాటి అల్లర్లలో, మహమ్మదాలీ రోడ్డు దగ్గరి ఇంటి కిటికీ నుంచి, ఒక మనిషిని గుంపు కొట్టి చంపడం ఆయన కళ్లారా చూశాడు. ఆ దృశ్యం ఆయనను జ్వరపీడితుణ్ణి చేసింది. ఆ తరువాత జీవితమంతా వెంటాడింది. అదే సంవత్సరం ఆయన సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి 1952లో చదువు ముగించాడు. ఒక మనిషి కింద పడిపోవడమనే ఆ ఒక్క సంఘటనను ఆయన అరవై సంవత్సరాలపాటు తిరిగి తిరిగి చిత్రించాడనడం అతిశయోక్తి కాదు. పడిపోతున్న మానవాకృతి ఆయనకు ఒక ఇతివృత్తం మాత్రమే కాదు, తీరని ఋణం.

ఆ రోజుల్లో బొంబాయిలో చిత్రకారుడిగా బతకడమంటే ఏమిటో ఊహించడం నేటివారికి కష్టం. 1947లో సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు స్థాపించారు. తయ్యబ్ కొంత ఆలస్యంగా ఆ మిత్రబృందానికి సన్నిహితుడయ్యాడు. వారికి ఉత్సాహం ఉన్నది, సిద్ధాంతం ఉన్నది. బొమ్మలు వేలాడదీయడానికి గోడలు మాత్రం లేవు. ఐరోపా నుంచి యుద్ధకాలంలో వచ్చి స్థిరపడిన కొందరు కళాభిమానులు, హోమీ భాభా వంటి ఒకరిద్దరు విద్యావంతులు కొంటేనే అమ్మకం. కేకూ గాంధీ అనే పార్సీ సజ్జనుడు పటాల చట్రాలు తయారుచేసే కెమోల్డ్ అనే వ్యాపారం నడుపుతూ, ఆ చట్రాల దుకాణంలోనే యువ చిత్రకారుల బొమ్మలను పెట్టేవాడు. 1952లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వెలిసింది. 1963లో ఆ గాంధీ దంపతులే గ్యాలరీ కెమోల్డ్‌ను స్థాపించారు. ఆ ఏడే పుండోలే గ్యాలరీ కూడా మొదలైంది. చట్రాల అంగడి నుంచి చిత్రశాల పుట్టిందన్న మాట. మన దేశంలో ఆధునిక చిత్రాల విపణి ఇంత నిరాడంబరంగా ఆరంభమైంది.

తయ్యబ్ తొలి వ్యష్టి ప్రదర్శన 1959లో జరిగింది. మిత్రుడు బాల్ ఛాబ్డా నడిపిన ఆ చిత్రశాల పేరు గ్యాలరీ 59. అంతకు మూడేళ్ల ముందు, 1956లో, ఆయన ఒక ఎద్దు బొమ్మ వేశాడు. కాళ్లు కట్టివేసి, నేల మీద పడదోసిన ఎద్దు. కబేళాలో కోతకు ముందు పశువును అలా కడతారు. తన బలంతో పరుగెత్తవలసిన ప్రాణి తన బరువుకే బందీ అయి పడి ఉండటం ఆయనను కలచివేసింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో ఒక భారతీయ యువకుడు దేశానికి ప్రతీకగా జెండానో, పంటచేనునో ఎంచుకోక కట్టుబడిన ఎద్దును ఎంచుకోవడం ఆలోచించదగిన విషయం.

1959 నుంచి 1964 వరకు ఆయన భార్య సకీనాతో లండన్‌లో ఉన్నాడు. అక్కడ ఫ్రాన్సిస్ బేకన్ చిత్రాలలోని నలిగిన మానవదేహాలు ఆయనను ఆకర్షించాయి. 1968లో ఢిల్లీలో జరిగిన తొలి ట్రైయెన్నేల్‌లో ఆయన చిత్రానికి బంగారు పతకం వచ్చింది. ఆ సంవత్సరమే రాక్‌ఫెల్లర్ నిధి సహాయంతో న్యూయార్కు వెళ్లాడు. బార్నెట్ న్యూమన్ చిత్రాలలో విశాలమైన ఒకే రంగు పరుచుకుని ఉండటం చూసి, రంగును దట్టంగా పూయవలసిన అవసరం లేదని గ్రహించాడు. తిరిగి వచ్చాక ఒకనాడు పని సాగక విసిగి, కాన్వాసుకు అడ్డంగా ఒక నల్లని చారను గీశాడు. అది కాన్వాసును ఏటవాలుగా రెండు ముక్కలు చేసింది. ఆ కోపపు గీత ఆయన కళకే మలుపు అయింది. వికర్ణరేఖ చీల్చిన మనుషులు ఆ తరువాత ఏళ్ల తరబడి ఆయన చిత్రాలను ఆక్రమించారు. ఫిల్మును కత్తిరించిన చేయి కాన్వాసునూ కత్తిరించింది. సినిమాలో తెగిన ముక్కలు అతుకుతాయి. ఆయన బొమ్మలలో అతకవు. 1947లో తెగినది అతకలేదని చెప్పడమే ఆయన ఉద్దేశం కాబోలు.

1970లో ఆయన ఫిల్మ్స్ డివిజన్ కోసం ఒక లఘుచిత్రం తీశాడు. పేరు 'కూడల్'. అది తమిళ పదం. మన 'కూడలి'కి తోబుట్టువు. నాలుగు దారులు కలిసేచోటు మనకు కూడలి. మనిషి, పశువు, గుంపు, మృత్యువు కలిసేచోటు ఆయనకు కూడల్. బాంద్రా కబేళాలో తీసిన దృశ్యాలు అందులో ఉన్నాయి. ఆ చిత్రానికి ఫిల్మ్‌ఫేర్ విమర్శకుల పురస్కారం లభించింది. అనువాదవృత్తిలో ఉన్నవాడికి ఇటువంటి పదం ఎదురైతే ఒక్కక్షణం ఆగాలనిపిస్తుంది. గుజరాతీ ఇంట పుట్టి, బొంబాయిలో పెరిగి, లండన్ న్యూయార్కులు చూసివచ్చిన చిత్రకారుడు తన అనుభవానికి సరిపడే మాట కోసం తమిళాన్ని ఆశ్రయించాడు. మాటలకు సరిహద్దులు గీసుకునేది మనమే కాని మాటలు కావు.

1984–85లో ఆయన శాంతినికేతనంలో అతిథి చిత్రకారుడిగా ఉన్నాడు. అక్కడి సంతాలు పల్లెలు, జాతరలు, బలులు ఆయన వర్ణాలకు కొత్త వెలుగునిచ్చాయి. ఆ అనుభవం నుంచి మూడు పలకల 'శాంతినికేతన్' చిత్రం వచ్చింది. ఆ తరువాత కాళి వచ్చింది, మహిషాసురుడు వచ్చాడు. దసరా రోజుల్లో బెజవాడ ఇంద్రకీలాద్రి మెట్లెక్కినవారికి మహిషాసురమర్దిని రూపం కొత్త కాదు. అక్కడ దేవి పైన, దున్న కింద. ఎవరు గెలిచారో సందేహం లేదు. తయ్యబ్ చిత్రంలో మాత్రం దేవీ దున్నా ఒకరిలో ఒకరు పెనవేసుకుంటారు. చంపుతున్నదా, అక్కున చేర్చుకుంటున్నదా అని చూపరి నిర్ణయించుకోలేడు. యౌవనంలో కిటికీలోంచి హత్యను చూసినవాడు పురాణంలోని సంహారాన్ని కూడా జయఘోషగా చూడలేకపోయాడు. బోహ్రా కుటుంబంలో పుట్టినవాడు కాళిని చిత్రించడం ఆయనకు వింత అనిపించలేదు. ఈ నేల మీది కథలన్నీ తనవేనని ఆయన నమ్మకం.

ఇంతటి కృషి చేసినవాడు వేసిన బొమ్మల సంఖ్య చాలా తక్కువ. ఒక్కొక్క చిత్రానికి నెలల కాలం తీసుకునేవాడు. నచ్చనివాటిని తానే ధ్వంసం చేసేవాడు. ఈ నియమమే ఆయనకు పేదరికాన్నీ, ఆయన చిత్రాలకు అపారమైన ధరనూ తెచ్చిపెట్టింది. ఇందులోని చమత్కారాన్ని అర్థం చేసుకోవాలంటే చిత్రశాలల లోకం ఎలా నడుస్తుందో కొంత తెలియాలి.

చిత్రాలకు రెండు విపణులు ఉన్నాయి. మొదటిది గ్యాలరీ. చిత్రకారుడు బొమ్మలు తెస్తాడు. గ్యాలరీ వాటిని గోడకు అలంకరిస్తుంది, ఆహ్వానపత్రికలు పంపుతుంది, కేటలాగు అచ్చువేస్తుంది. అమ్ముడైన బొమ్మ పక్కన ఒక ఎర్రచుక్క అంటిస్తుంది. వచ్చిన ధరలో మూడోవంతు నుంచి సగం వరకు గ్యాలరీ పాలు, మిగిలినది చిత్రకారుడిది. ఈ ఏర్పాటులో తప్పు పట్టవలసినది లేదు. మంచి గ్యాలరీ యజమాని అమ్మకందారు మాత్రమే కాదు, అమ్ముడుపోని సంవత్సరాలలో అప్పిచ్చే ఆప్తుడు కూడా. రెండవ విపణి వేలంశాల. అక్కడ అమ్మేవాడు సేకర్త, కొనేవాడు మరొక సేకర్త. చిత్రకారుడు ఆ గదిలో ఉండనక్కరలేదు, బతికి ఉండనూ అక్కరలేదు. పైగా, బొమ్మలు ఎన్ని తక్కువైతే పోటీ అంత ఎక్కువ.

ఈ రెండవ విపణి మనవారి విషయంలో 1990ల తరువాత ఊపందుకున్నది. ఆర్థిక సరళీకరణతో దేశంలోను, విదేశాలలోని ప్రవాస భారతీయులలోను కొత్త సంపన్నులు పుట్టారు. 2000లో ముంబయిలో సాఫ్రనార్ట్ అనే సంస్థ ఆరంభమై ఇంటర్నెట్టు ద్వారా వేలం జరపసాగింది. తయ్యబ్ మెహతా ధరలు ఆ చరిత్రకు ఒక పట్టికలాగా ఉపయోగపడతాయి. 2002లో కోటిన్నర. 2005లో ఆయన 'మహిషాసుర' చిత్రం న్యూయార్కులో సుమారు 15.8 లక్షల డాలర్లు పలికింది. వేలంలో పది లక్షల డాలర్లు దాటిన తొలి సమకాలీన భారతీయ చిత్రం అదే. 2007లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. 2009 జూలై 2న ఆయన కన్నుమూశాడు. 2018లో 1989 నాటి 'కాళి' 26.4 కోట్ల రూపాయలకు పోయింది. 2025 ఏప్రిల్‌లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, 1956 నాటి ఆ కట్టివేసిన ఎద్దు 61.8 కోట్లకు అమ్ముడైంది. చిత్రించిన నాడు ఆ ఎద్దుకు అంత విలువ కడతారని చెబితే ఆ యువకుడు నవ్వి ఉండేవాడేమో.

ఇప్పుడు న్యాయం మాట. రచయితకు ఒక సౌకర్యం ఉంది. పుస్తకం ఎన్ని ప్రతులు అమ్ముడైతే అంత రాయల్టీ వస్తుంది. అనువాదకుడి పరిస్థితి తరచు వేరు. పేజీకి ఇంతని ఒకేసారి తీసుకుని తప్పుకుంటాడు. ఆ పుస్తకం పది ముద్రణలు పొందినా ఆనందించడం తప్ప అతనికి మిగిలేది లేదు. చిత్రకారుడి స్థితి ఈ రెండో దానికి దగ్గర, ఒక రకంగా అంతకంటె కఠినం. అతని కృతికి ఒక్కటే ప్రతి. ఆ ఒక్క ప్రతి గడపదాటితే అతనికి మిగిలేది ఫోటో మాత్రమే.

ఈ చిక్కును ఫ్రాన్సు దేశం చాలా ముందుగా గుర్తించింది. మిల్లే చిత్రించిన 'ఆంజెలస్' మొదట స్వల్పమైన మొత్తానికి అమ్ముడై, ఆయన మరణించిన పద్నాలుగేళ్లకు 1889లో ఐదున్నర లక్షల ఫ్రాంకులకు పైగా ధర పలికింది. ఇటువంటి ఉదంతాలు ప్రజల మనస్సును కదిలించగా, 1920లో అక్కడ పునర్విక్రయంలో చిత్రకారుడికి వాటా ఇచ్చే చట్టం వచ్చింది. 2001లో ఐరోపా సమాజం దాన్ని సభ్యదేశాలన్నింటికీ వర్తింపజేసింది. 2006 నుంచి బ్రిటన్‌లోను అమలైంది. అక్కడ వాటా నాలుగు శాతంతో మొదలై, ధర పెరిగినకొద్దీ తగ్గుతుంది. ఐరోపా నియమం ప్రకారం అది ఒక అమ్మకానికి 12,500 యూరోలకు మించదు.

మన దేశంలో ఇటువంటి చట్టం లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ద్వారా 53ఎ అనే సెక్షను చేరింది. అసలు చిత్రం, శిల్పం, రేఖాచిత్రం మాత్రమే కాదు, రచయిత చేతివ్రాత ప్రతి సైతం పదివేల రూపాయలు మించిన ధరకు తిరిగి అమ్ముడైతే, దాని కర్తకు లేక అతని వారసులకు ఆ ధరలో వాటా అడిగే హక్కు ఉంది. ఆ వాటా ఎంతో అప్పట్లో కాపీరైట్ బోర్డు నిర్ణయించాలి. అది పదిశాతానికి మించరాదు. కాపీరైటు ఉన్నంతకాలం, అంటే మరణానంతరం అరవై ఏళ్ల వరకు, ఈ హక్కు నిలుస్తుంది. ఆ బోర్డు బాధ్యతలు 2017లో మరొక అప్పీలు మండలికి, 2021లో ఆ మండలి రద్దయినప్పుడు న్యాయస్థానాలకు బదిలీ అయ్యాయి.

గమనించవలసిన విషయం, 2002 నాటి వేలం న్యూయార్కులో జరిగింది. మన చట్టం సముద్రం దాటి వెళ్లదు. స్వదేశంలో జరిగే అమ్మకాలలో సైతం ఈ హక్కును వాడుకోవడం సులభం కాదు. వేలంశాలలో ధర అందరికీ తెలుస్తుంది. ఇద్దరు సేకర్తల మధ్య గదిలో జరిగిన అమ్మకం చిత్రకారుడికి ఎలా తెలుస్తుంది? తెలిసినా, తన బొమ్మలు కొనే వర్గంతోనే న్యాయస్థానానికెక్కే ధైర్యం ఎందరికి ఉంటుంది? వాటా వసూలుచేసి అందజేసే సంఘం బలంగా ఉన్నచోటనే ఇటువంటి చట్టానికి కాళ్లు వస్తాయి. లేనిచోట అది గ్రంథస్థమై ఉండిపోతుంది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. సేకర్త నష్టానికి కూడా సిద్ధపడి కొంటాడు, ధర పడిపోతే చిత్రకారుడు ఆ నష్టాన్ని పంచుకుంటాడా అని అడుగుతారు. వేలంలో ధర పెరిగితే చిత్రకారుడి కొత్త బొమ్మలకు కూడా గిరాకీ పెరుగుతుంది కదా అని గుర్తుచేస్తారు. ఈ వాదాలలో సత్యం లేకపోలేదు. ప్రసిద్ధుడై, ఆరోగ్యంగా ఉండి, విరివిగా చిత్రించగలవాడికి రెండోమాట వర్తిస్తుంది. ఏడాదికి కొద్ది బొమ్మలే వేసేవాడికి, చూపు మందగించిన వృద్ధుడికి, మరణించినవాడి సంసారానికి అది వర్తించదు. చట్టం రక్షించవలసినది ఎవరినో మరచిపోతే ఎంత తర్కమైనా బలంగానే కనిపిస్తుంది.

ధరకు మరొక పర్యవసానం కూడా ఉంది. చిత్రం ఖరీదైనకొద్దీ అది చూపునుంచి దూరమవుతుంది. అరవై కోట్ల బొమ్మను ఎవరూ హాలులో తగిలించి అతిథులకు చూపరు. భద్రమైన గిడ్డంగిలో ఉంచి బీమా చేయిస్తారు. ఇక్కడ మన దామెర్ల రామారావు గుర్తుకువస్తాడు. తయ్యబ్ చదివిన ఆ జె.జె. స్కూలులోనే అంతకు ఒక తరం ముందు చదివి, తయ్యబ్ పుట్టిన 1925లోనే, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే ఆయన కన్నుమూశాడు. ఆయన చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఉన్నాయి. ఆ బొమ్మలు వేలంలో రికార్డులు సృష్టించలేదు. కాని గోదావరి ఒడ్డున దిగిన ఏ బాటసారి అయినా వెళ్లి చూడవచ్చు. ధర లేకపోవడం గొప్ప అని కాదు. ఊరు తన చిత్రకారుణ్ణి దగ్గర పెట్టుకోవడం మాత్రం గొప్ప.

ఈ రెండు మార్గాలూ కలిసేచోటు ఒకటి ఉండాలి. చిత్రకారుడు బతికుండగా అతని శ్రమకు తగిన ఫలం అందాలి. చిత్రం ఎంత ఎదిగినా అందులో అతనికో, అతని ఇంటివారికో పిసరంత పాలు ఉండాలి. ఆ చిత్రాలలో కొన్నయినా ప్రజలు చూడగల గోడల మీద నిలవాలి. ఢిల్లీ, ముంబయి, బెంగళూరులలో జాతీయ ఆధునిక కళాశాలలు ఉన్నాయి. ఆ నగరాలకు వెళ్లినప్పుడు కొనుగోళ్లకు కేటాయించిన పూటలోంచి ఒక గంట వాటికి ఇవ్వడం మనకు పెద్ద త్యాగం కాదు. కుంచెపట్టిన పిల్లవాడు ఇంట ఉన్న తల్లిదండ్రులు మరొకటి కూడా గుర్తుంచుకోవడం మంచిది. మొదటి బొమ్మ అమ్మిననాడే ఎవరికి, ఎప్పుడు, ఎంతకు అమ్మినదీ ఒక కాగితం మీద రాయించి, సంతకం తీసుకుని, దాచిపెట్టాలి. ఏ హక్కునైనా అడగడానికి మొదట కావలసినది ఆ కాగితమే.